కల కల్ల కావచ్చు, కలత కల్ల కాదు

స్వప్నాన్ని గురించి మన సమాజంలో తరచుగా రెండు మాటలే వినిపిస్తాయి. "కల కదా, దానికి విలువ ఏమున్నది?" అనేది మొదటిది. "ఆ కలకు ఫలమేమిటి?" అనేది రెండవది. మొదటి మాటలో వేదాంతచ్ఛాయ ఉన్నది. రెండవ మాటలో దైవజ్ఞుల ధోరణి ఉన్నది. కొన్ని పంచాంగాలలో బల్లిపాటు ఫలాల సరసన స్వప్నఫలాలను కూడ అచ్చువేయడం చూస్తే ఈ రెండవ మాటకు ఎంత గిరాకీ ఉన్నదో తెలుస్తుంది. కానీ కలగని లేచినవానికి కలిగే మొట్టమొదటి సందేహం ఈ రెండింటిలో ఏదీ కాదు. కలలో చూచినది ఎదుట లేదని అతనికి తెలుసు. అది ముందు జరుగుతుందా లేదా అని అప్పటికింకా అతడు ఆలోచించలేదు. అయినా గుండె వేగంగా కొట్టుకొంటున్నది. కంట నీరు నిలిచి ఉన్నది. లేదా కారణం తెలియని ఒక సంతోషం మధ్యాహ్నం దాకా వెంట వస్తున్నది. లేని వస్తువు వలన ఉన్న భావం ఎట్లా కలిగింది? ఇదీ అతని సందేహం.

ఈ మూడవ ప్రశ్నను మన పూర్వులు అడిగినారు. దానికి తగిన సమాధానమూ చెప్పినారు. దానిని విడిచిపెట్టినది మనం, అందులోనూ సంస్కృతాంధ్రాలను పాఠం చెప్పేవారం. త్రిజటాస్వప్నాన్ని రావణ వినాశసూచనగా, భరతుని స్వప్నాన్ని దశరథ మరణసూచనగా, ఉషాస్వప్నాన్ని కథాబీజంగా, ఆముక్తమాల్యదలోని రాయలవారి స్వప్నాన్ని అవతారికా సంప్రదాయంగా చెప్పి ముందుకు సాగిపోతాము. విద్యార్థి కూడ అట్లాగే వ్రాసి ఉత్తీర్ణుడవుతాడు. ఈ విధంగా స్వప్నం రానున్నదానిని ముందుగా చాటే దండోరాగా మాత్రమే మిగిలిపోయింది. స్వప్నంలోని విషయం మేల్కొనగానే బాధితమవుతుంది. అది రేపిన భావం మాత్రం బాధితం కాదు. కావ్యాలలోని స్వప్నాలను, మన ఎదుట కూర్చున్న పిల్లల స్వప్నాలను ఈ భావం వైపునుండి చూడటం మన విధి అని నా అభిప్రాయం.

ముందుగా శ్రుతిని పరిశీలిద్దాం. బృహదారణ్యకోపనిషత్తు నాలుగవ అధ్యాయంలో యాజ్ఞవల్క్యుడు జనకునికి స్వప్నస్థానాన్ని వివరిస్తాడు. అక్కడ రథాలు లేవు, గుర్రాలు లేవు, దారులు లేవు; పురుషుడు వాటిని తానే సృజించుకొంటాడు. ఈ మాట మనకు సుపరిచితం. వెంటనే వచ్చే మాటకు అంత ప్రచారం కలుగలేదు. అక్కడ ఆనందాలు, మోదాలు, ప్రమోదాలు కూడ లేవు. వాటిని కూడ అతడే సృజించుకొంటాడని మహర్షి చెప్పినాడు. రథంతో పాటు ఆనందం కూడ కల్పితమే అయినప్పుడు దానికి ప్రత్యేక గౌరవం ఎందుకని ఎవరైనా ఆక్షేపించవచ్చు. రెండూ అక్కడ పుట్టినవే, సందేహం లేదు. కానీ అక్కడ పుట్టిన రథాన్ని ఎక్కి ఎవడూ జాగ్రదవస్థలోకి రాలేడు. అక్కడ పుట్టిన ఆనందంతో, భయంతో రాగలడు. నిద్రించువానిని హఠాత్తుగా లేపరాదని, అట్లా చేస్తే దేహానికి చికిత్స కష్టమవుతుందని లోకులు చెప్పుకొనే మాటను కూడ ఆ ప్రకరణమే పేర్కొన్నది. స్వప్నానికి, దేహానికి నడుమ గోడ లేదని ఆ కాలంనాటి జనులకు తెలుసునన్నమాట.

ఛాందోగ్యోపనిషత్తులోని ఇంద్రవిరోచనుల కథ ఇంతకంటె బలమైన సాక్ష్యం. ప్రజాపతి వద్ద ఇంద్రుడు 32 సంవత్సరాలు బ్రహ్మచర్యం చేసి మొదటి ఉపదేశం పొందినాడు. తృప్తిపడక తిరిగివచ్చి మరి 32 సంవత్సరాలు ఉన్నాడు. అప్పుడు ప్రజాపతి, స్వప్నంలో పూజలందుకొంటూ సంచరించే వాడే ఆత్మ అని ఉపదేశించినాడు. ఈ ఉపదేశంలో ఒక సౌకర్యమున్నది. దేహం గుడ్డిదైనా స్వప్నపురుషుడు గుడ్డివాడు కాడు. దేహం కుంటిదైనా అతడు కుంటివాడు కాడు. ఇంద్రుడు సంతోషంగా బయలుదేరినాడు. దేవతల దగ్గరకు చేరకముందే అతనికి ఒక భయం కనిపించింది. స్వప్నపురుషుని ఎవరో చంపుతున్నట్లు, తరుముతున్నట్లు ఉంటుంది. అతడు అప్రియాన్ని అనుభవించినట్లు, ఏడ్చినట్లు కూడ ఉంటుంది. ఇటువంటి ఉపదేశంలో తనకు భోగ్యమేమీ కనిపించలేదని ఇంద్రుడు సమిత్పాణియై మళ్లీ వెనుకకు వచ్చినాడు. శ్రుతి "అట్లున్నట్లు" అనే అర్థంలో "ఇవ" శబ్దాన్ని పదే పదే ప్రయోగించింది. చంపినట్లే కాని చంపలేదు. ఏడ్చినట్లే కాని ఏడ్వలేదు. ఆ శబ్దంతో ఊరడిల్లి ఇంద్రుడు స్వర్గానికి వెళ్లిపోవచ్చు. కానీ వెళ్లలేదు. ఏడ్చినట్లుండటం కూడ ఏడుపువలెనే దుఃఖకరమని అతనికి తోచింది. ప్రజాపతి అతనిని అవివేకి అని గద్దించలేదు. నీవన్నది నిజమేనని అంగీకరించి, ఇంకొక 32 సంవత్సరాలు ఉండమన్నాడు. "కల కదా" అని కొట్టిపారవేసేవారు ఈ ఘట్టాన్ని ఒకసారి మననం చేసుకోవాలి.

స్వప్నమిథ్యాత్వాన్ని ప్రతిపాదించిన శంకరభగవత్పాదులు కూడ ఈ విషయంలో ఎంతో జాగరూకులు. అసత్యం నుండి సత్యమైన ఫలం ఎట్లా కలుగుతుందనే ప్రశ్న బ్రహ్మసూత్రభాష్యం రెండవ అధ్యాయంలోని ఆరంభణాధికరణంలో వస్తుంది. విషం తాకలేదు, తాకినదనే శంకతోనే మనిషి మరణించడం ఉన్నది కదా అని వారు ఒక దృష్టాంతం చూపినారు. పిదప స్వప్నంలో పాము కరవడం, నీటిలో స్నానం చేయడం అనే దృష్టాంతాలను ఎత్తుకొన్నారు. ఆ కాటు, ఆ స్నానం అసత్యమే కావచ్చు. వాటిని గురించి కలిగిన అవగతి మాత్రం సత్యమైన ఫలమే, ఎందుకంటే మేల్కొన్న తరువాత కూడ అది బాధితం కాదని వారి సమాధానం. పాము లేదని తెలుసుకొన్నవాడు, "నేను పామును చూడనే లేదు" అనడు; "కలలో చూచినాను" అంటాడు. భాష్యకారులు ఇక్కడ అవగతి అన్నారు గాని భావమనలేదు. వారి వాక్యాన్ని భావానికి విస్తరించడం నా సాహసం. అయితే దానికి ఆధారం లేకపోలేదు. సుఖదుఃఖాలను, ఇచ్ఛాద్వేషాలను జ్ఞానంతో పాటు ఆత్మగుణాలుగా నైయాయికులు పరిగణించినారు. దుఃఖం కలిగినది గాని తెలియలేదనడం ఎట్లా పొసగదో, దుఃఖం తెలిసినది గాని కలుగలేదనడం కూడ అట్లాగే పొసగదు. స్వప్నంలో దుఃఖాన్ని ఎరిగినవాడు దుఃఖించినవాడే.

ఇక అలంకారశాస్త్రం. మన వాదానికి ఇదే ప్రధానస్థానం. భరతముని నాట్యశాస్త్రం ఏడవ అధ్యాయంలో 33 వ్యభిచారిభావాలను చెప్పినాడు. వాటిలో నిద్ర, సుప్తం, విబోధం అనే మూడు ఉన్నాయి. సుప్తానికి చెప్పిన అనుభావాలలో ఉత్స్వప్నాయితం ఒకటి. అంటే మన తెలుగులో కలవరింత. 14వ శతాబ్దికి చెందిన విశ్వనాథకవిరాజు సాహిత్యదర్పణం తృతీయ పరిచ్ఛేదంలో దీనినే స్వప్నమనే పేరుతో నిర్వచించినాడు. నిద్రపోయినవానికి కలిగే విషయానుభవం స్వప్నమని, అది కోపం, ఆవేగం, భయం, గ్లాని, సుఖం, దుఃఖం మొదలైనవాటిని కలిగిస్తుందని ఆయన చెప్పినాడు. ఈ లక్షణంలో శుభాశుభాల ప్రసక్తి లేదు. భవిష్యత్తు మాటే లేదు. కల మనిషిని ఏమి చేస్తుందో అంతవరకే లక్షణకారుడు చెప్పినాడు. శకునశాస్త్రానికి దాని స్థానం దానికి ఉండనీయండి. సాహిత్యశాస్త్రం మాత్రం స్వప్నాన్ని భావాల పంక్తిలో కూర్చోబెట్టింది. సాహిత్యాన్ని బోధించేవారు సాహిత్యశాస్త్రాన్ని వదలి శకునశాస్త్రాన్ని ఆశ్రయించడం వింతగా లేదా?

విశ్వనాథుడు చూపిన ఉదాహరణం మేఘసందేశంలోనిది. ఎట్టకేలకు కలలో ప్రియురాలు కనిపించగా గాఢాలింగనం కోసం యక్షుడు శూన్యంలోకి చేతులు చాస్తాడు. అది చూచిన వనదేవతలు ముత్యాలవంటి కన్నీటి బొట్లను చిగురుటాకుల మీద రాలుస్తారు. అదే కావ్యంలో ఇంకొక స్వప్నమున్నది. దానిని మనం తగినంతగా పట్టించుకోలేదు. మేఘుడు చెప్పే మాటలు తనవేనని ప్రియురాలు నమ్మాలి గదా. అందుకోసం యక్షుడు ఒక ఆనవాలు పంపుతాడు. ఒకనాటి రాత్రి ఆమె నిద్రలోనుండి బిగ్గరగా ఏడుస్తూ లేచింది. భర్త పదే పదే అడుగగా లోలోపల నవ్వుకొంటూ, నీవు వేరొక స్త్రీతో విహరిస్తుండగా కలలో చూచినానని చెప్పింది. ఇదీ ఆ ఆనవాలు. ఆనవాలుగా ఉంగరం పంపవచ్చు, చూడామణి పంపవచ్చు. కాళిదాసు పంపినది ఒక కల రేపిన ఏడుపును. ఆ కల అబద్ధం. యక్షుడు ఆ తప్పు చేయలేదు. కానీ ఆ ఏడుపు వారిద్దరికే తెలిసిన నిజం. అందుచేతనే అది సాక్ష్యంగా నిలబడింది.

ఆదికావ్యానికి వెళ్దాం. అయోధ్యాకాండలో దూతలు కేకయ రాజధాని ప్రవేశించిన రాత్రియే భరతునికి దుస్స్వప్నం వచ్చింది. తండ్రి మలినదేహంతో, విరబోసుకొన్న జుట్టుతో కొండకొమ్మునుండి గోమయపు మడుగులో పడటం, దోసిలితో నూనె త్రాగడం, సముద్రం ఎండిపోవడం, చంద్రుడు నేలరాలడం, గాడిదలు పూన్చిన రథంమీద తండ్రి దక్షిణదిశకు పోవడం అతడు చూచినాడు. వీటి ఫలాలను వ్యాఖ్యాతలు వివరిస్తారు. మనం పాఠంలో చెబుతాము. వాల్మీకి దృష్టి అంతటితో ఆగలేదు. తెల్లవారిన తరువాత భరతుని చుట్టూ మిత్రులు చేరి వాద్యాలు వాయించినారు, నర్తనాలు చేయించినారు, హాస్యాలాడినారు, అతడు నవ్వలేదు. తన గొంతు ఎండిపోతున్నదని, స్వరం మారిందని, మేని కాంతి తగ్గిందని, భయకారణం కనిపించడం లేదు గాని భయం మాత్రం ఉన్నదని అతడు చెప్పుకొన్నాడు. అంతేకాదు, కారణం తెలియకుండానే తనమీద తనకు ఏవగింపు కలుగుతున్నదన్నాడు.

ఈ చివరి మాట దగ్గర పాఠకుడు ఒక క్షణం ఆగాలి. తండ్రి మరణాన్ని సూచించే కలకు భయం చాలు, దుఃఖం చాలు, ఆత్మజుగుప్స ఎందుకు? అయోధ్యకు చేరిన తరువాత గాని భరతునికి ఆ సంగతి తెలియదు. తన పేరు చెప్పి తల్లి కోరిన వరాల వలన తండ్రి మరణించినాడు, అన్న అడవులపాలైనాడు. ఏ దోషమూ చేయని ఆ ధర్మమూర్తి ఆపైన జీవితమంతా మోయవలసిన భారం ఆ ఉదయమే అతని మనసును తాకింది. కలలోని దృశ్యాలు చెప్పినది దశరథుని గతి. కల మిగిల్చిన భావం చెప్పినది భరతుని గతి. స్వప్నాన్ని సూచనగా మాత్రమే చదివితే మొదటిది దొరుకుతుంది, రెండవది జారిపోతుంది. భరతుని శీలం తెలియాలంటే రెండవదే ముఖ్యం.

సుందరకాండలో సీతమ్మ విషయం ఇంకా విశదం. శింశుపావృక్షం మీద హనుమంతుని చూచి ఆమె ముందు దానిని కలగా భావిస్తుంది. కలలో వానరదర్శనం శాస్త్రనిషిద్ధమని స్మరించి, రామలక్ష్మణులకు, తండ్రికి క్షేమం కలగాలని కోరుకొంటుంది. ఆపైన తన తర్కాన్ని తానే సరిదిద్దుకొంటుంది: శోకపీడితనైన నాకు నిద్రయే లేదు, ఇక కల ఎక్కడిది? తరువాత హనుమంతునితో మాట కలిసినప్పుడు ఆమె మనసు ఇంకొక మెట్టు దిగుతుంది. ఇది కలయే అయితే ఎంత సుఖమైన కల అనుకొంటుంది. కలలోనైనా రామలక్ష్మణులను చూడగలిగితే తాను క్రుంగిపోకుండా ఉండేదానినని, కలకు కూడ తనమీద అసూయయే అని వాపోతుంది. శకునశాస్త్రం తెలిసిన సీత, తర్కం తెలిసిన సీత, చివరకు కలనే ఒక దయగా యాచించే సీత, ముగ్గురూ కొద్ది సర్గల వ్యవధిలో మనకు దర్శనమిస్తారు. శాకుంతలం ఆరవ అంకంలో దుష్యంతుని ఆక్రందన కూడ ఇటువంటిదే. నిద్రలేమి వలన కలలో సమాగమం లేదు. కన్నీరు అడ్డువచ్చి చిత్రపటంలోనైనా ఆమెను చూడనీయదు. కల రావడమే భాగ్యమైన దశ ఒకటున్నదని ఈ ఇద్దరూ చెబుతున్నారు. ఫలపట్టికలో ఆ దశకు చోటు లేదు.

భాసుని స్వప్నవాసవదత్తం 1912లో తిరువనంతపుర సంస్కృత గ్రంథావళిలో గణపతిశాస్త్రిగారి పరిష్కరణతో వెలువడినది మొదలు దాని స్వప్నాంకాన్ని విమర్శకులు ఎంతగానో కొనియాడినారు. సముద్రగృహంలో నిద్రిస్తున్న ఉదయనుడు మరణించినదనుకొన్న వాసవదత్తను పేరుపెట్టి పిలుస్తాడు, మాట్లాడుతాడు. ప్రక్కనే ఉన్న వాసవదత్త వ్రేలాడే అతని చేతిని శయ్యమీద ఉంచి వెళ్లిపోతుంది. రాజు లేచి పరుగెత్తి తలుపునకు తగులుకొంటాడు. అది కల అని విదూషకుడు నచ్చజెప్పగా, కల అయితే మేల్కొనకపోవడమే ధన్యమని, భ్రాంతి అయితే అది చిరకాలం ఉండాలని రాజు కోరుకొంటాడు. ఆపైన తన బాహువును చూపిస్తాడు. కలలో కలిగిన స్పర్శ అయినా ఆ చేతిమీది రోమాంచం ఇంకా విడువలేదంటాడు. రోమాంచం సాత్త్వికభావం, చిత్తం కదలనిదే అది పొడమదు. విదూషకుని మాటకు రాజు ఇచ్చిన సమాధానం తర్కం కాదు, దేహమే. నాటకంలో ఆ స్పర్శ నిజంగా జరిగినదనే సంగతి ప్రేక్షకునికి తెలుసు, రాజునకు తెలియదు. తెలియకపోయినా అతని భావం ప్రేక్షకుని సత్యానికి సమీపంగా నిలిచింది.

తెలుగు సాహిత్యంలో ఈ దృష్టితో చదువదగిన ఘట్టాలకు కొదువ లేదు. భాగవత దశమస్కంధంలోను, హరివంశంలోను ఉన్న ఉషానిరుద్ధుల కథ పోతన భాగవతంలో, నాచన సోముని ఉత్తరహరివంశంలో, కనుపర్తి అబ్బయామాత్యుని అనిరుద్ధచరిత్రంలో మనకు లభిస్తున్నది. కలలో చూచిన పురుషుని పేరు ఉషకు తెలియదు, ఊరు తెలియదు. చిత్రరేఖ వరుసగా సురుల, గంధర్వుల, నరుల రూపాలను వ్రాసి చూపుతుంది. అనిరుద్ధుని చిత్రం రాగానే ఉష సిగ్గుతో తలవంచుతుంది. ఆ లజ్జయే అతనిని గుర్తించిన సాధనం. ఈ కథలో కలలోని భావం కథను నడిపించడంతో సరిపెట్టుకోలేదు. అది ప్రమాణంవలె పనిచేసింది.

తిక్కన సోమయాజి విరాటపర్వావతారికలో తండ్రి కొమ్మన తనకు కలలో కనిపించిన వృత్తాంతాన్ని, ఆపై హరిహరనాథుని సాక్షాత్కారాన్ని వర్ణించినాడు. హరిహరాద్వైతాన్ని గురించి, నాటి శైవవైష్ణవ కలహాలను గురించి ఈ ఘట్టం ఆధారంగా పరిశోధకులు చాల వ్రాసినారు. అవన్నీ ఉపాదేయాలే. కానీ దైవం కంటె ముందు తండ్రి ఎందుకు రావాలి? మహత్తరమైన కార్యానికి పూనుకొన్న కుమారుడు తండ్రి అనుగ్రహాన్ని కోరుకోవడం, ఆ కోరిక కలలో తీరడం మానవసహజం. ఈ దృష్టితో కూడ ఒక వ్యాసం వ్రాయవచ్చునని మన పరిశోధక విద్యార్థులకు సూచిస్తున్నాను.

మన నుడికారం కూడ ఈ సత్యాన్ని దాచుకొన్నది. నిద్రలో మాటలాడటాన్ని కలవరించడమంటాము. మేలుకొన్నవాని మనఃక్షోభను కలవరమంటాము. సరిగా పట్టని నిద్రను కలతనిద్ర అంటాము. మనసు చెదిరినా కలత అనే అంటాము. వ్యుత్పత్తి చర్చ అటుంచి వాడుకను చూస్తే నిద్రలోని సంచలనానికి, మెలకువలోని సంచలనానికి తెలుగువాడు వేరువేరు మాటలు కోరలేదని స్పష్టం. "కలలోనైనా తలచలేదు" అని ప్రమాణం చేసేవాడు తన మనసులోని కట్టకడపటి గది కల అని ఒప్పుకొంటున్నాడు.

ఇక ఒక పూర్వపక్షం. త్రిజట కల ఫలించింది, భరతుని కల ఫలించింది. అటువంటప్పుడు సూచకత్వాన్ని త్రోసివేయడం సంప్రదాయవిరుద్ధం కాదా? త్రోసివేయమని నేననడం లేదు. స్వప్నాలు సూచకాలనే మాటను సూత్రకారులు కూడ అంగీకరించినారు. కానీ అన్ని కలలూ సూచకాలని మన శాస్త్రాలేవీ చెప్పలేదు. వైశేషికాచార్యుడైన ప్రశస్తపాదుడు స్వప్నకారణాలను మూడుగా విభజించినాడు: సంస్కారపాటవం, ధాతుదోషం, అదృష్టం. కామంతోనో కోపంతోనో ఒక విషయాన్ని తలచుకొంటూ నిద్రించినవానికి అదే కలగా రావడం మొదటిది. వాతదోషం వలన ఆకాశగమనం, పిత్తదోషం వలన అగ్నిప్రవేశం, శ్లేష్మదోషం వలన నదీసముద్రాలను ఈదడం రెండవది. మూడవదానికే శుభాశుభసూచకత్వం. చరకసంహిత ఇంద్రియస్థానం ఐదవ అధ్యాయంలో స్వప్నాలు ఏడు విధాలు: దృష్టం, శ్రుతం, అనుభూతం, ప్రార్థితం, కల్పితం, భావికం, దోషజం. వీటిలో మొదటి ఐదింటినీ వైద్యుడు నిష్ఫలాలుగా ఎంచాలని చరకుడు ఆదేశించినాడు. చూచినది, విన్నది, అనుభవించినది, కోరుకొన్నది, ఊహించుకొన్నది, ఇవి కాక సామాన్యమానవుని కలలలో మిగిలేది ఎంత? శాస్త్రం నిష్ఫలమన్న ఆ ఐదింటికి కూడ భావం ఉన్నది. ఆ భావాన్ని ఎవరు పట్టించుకోవాలి? దైవజ్ఞునికి అక్కర లేదు, వైద్యునికి అక్కర లేదు. సాహిత్యం చదివినవాడే పట్టించుకోవాలి.

ఆధునికులు కూడ ఈ మార్గంలో నడచినారు. 1900 సంవత్సరం ముఖపత్రంతో 1899 నవంబరులోనే వెలువడిన తన స్వప్నవ్యాఖ్యాన గ్రంథంలో సిగ్మండ్ ఫ్రాయిడ్ స్వప్నభావాలకు ఒక ప్రకరణం కేటాయించినాడు. కలలో దొంగలను చూచి భయపడితే దొంగలు కల్పితమే గాని భయం వాస్తవమన్న స్ట్రికర్ అభిప్రాయాన్ని అక్కడ ఉదాహరించినాడు. శంకరుల సర్పదంశ దృష్టాంతం చదివినవారికి ఈ మాట చిరపరిచితంగా తోస్తుంది. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే శాస్త్రజ్ఞులు మూసిన రెప్పల క్రింద కనుగ్రుడ్లు వేగంగా కదలే నిద్రాదశను గుర్తించి ప్రకటించినారు. స్పష్టమైన కలలు ఎక్కువగా ఆ దశలోనే వస్తాయి. భయాది భావాలతో సంబంధమున్న అమిగ్డలా అనే మెదడు భాగం ఆ దశలో చురుకుగా పనిచేస్తుందని 1996లో మాకే బృందం చిత్రాల సహాయంతో చూపింది. శాస్త్రజ్ఞులు చెప్పినందువలన మన గ్రంథాలు గొప్పవి కావు. మన గ్రంథాలు ముందే చెప్పినవని గర్వించడం కూడ నా ఉద్దేశం కాదు. వేరువేరు దారులలో వచ్చినవారు ఒకే చోట ఆగితే ఆ చోటును గౌరవించాలి, అంతే.

ఈ చర్చవలన ప్రయోజనమేమిటి? ప్రతి తరగతిలోను ఇటీవలనే తల్లినో తండ్రినో పోగొట్టుకొన్న విద్యార్థి ఒకడు ఉండవచ్చు. పోయినవారు కలలో పలుకరించినారని అతడు చెబితే మన నోట వచ్చే సమాధానాలు ఆ రెండే. చదువుకొన్నవాడివి, కలలను నమ్ముతావా అని ఒకరు మందలిస్తారు. పితృదేవతలు కనబడితే ఫలానా శాంతి చేయించాలని ఇంకొకరు భయపెడతారు. మొదటివారు అతని దుఃఖాన్ని అవివేకం చేసినారు. రెండవవారు అతనికి దొరికిన కొద్దిపాటి ఓదార్పును అపాయం చేసినారు. సీత కోరుకొన్నది, ఉదయనుడు విడువలేకపోయినది ఆ పిల్లవానికి లభించింది. "ఏమన్నారు నాయనా? లేచిన తరువాత నీకు ఎట్లా అనిపించింది?" అని అడగటానికి పాండిత్యం అవసరం లేదు. కానీ పాండిత్యమున్నవారు అట్లా అడగకపోతే ఆ పాండిత్యం దేనికి?

కనుక నా సూచనలు మూడు. స్వప్నఘట్టాలను బోధించేటప్పుడు సూచకత్వాన్ని చెప్పిన తరువాత, కలగన్న పాత్ర మేల్కొని ఏమైనదనే ప్రశ్నను తప్పక లేవదీయాలి. ప్రశ్నపత్రాలలో స్వప్నవృత్తాంతాన్ని వ్రాయమనడంతో సరిపుచ్చక, స్వప్నం వ్యభిచారిభావంగా ఏ రసాన్ని ఎట్లా పోషించిందో నిరూపించమని అడగాలి. మన ప్రబంధాలలోని, పురాణాలలోని స్వప్నఘట్టాలను భావానుసారంగా వర్గీకరించి ఒకచోట కూర్చే పనికి ఎవరైనా పూనుకోవాలి. భయస్వప్నాలు, విరహస్వప్నాలు, వాత్సల్యస్వప్నాలు, అనుగ్రహస్వప్నాలు అనే పద్ధతిలో.

ప్రజాపతి వద్దకు తిరిగివచ్చిన ఇంద్రుని వలె మన విద్యార్థి కూడ ఏదో ఒకనాడు తన కలను చేతబట్టుకొని మన గుమ్మంలోకి వస్తాడు. ఏడ్చినట్లున్నదే గాని ఏడ్వలేదు కదా అని అతనిని పంపివేయకుండా, ప్రజాపతి వలె అతని మాట నిజమేనని ఒప్పుకొని కూర్చోబెట్టుకోవడం గురువు చేయదగిన పని.